తీరరక్షణకు గాలి సొమ్ము: ఒక ప్రజాతీర్పు నేర్పు పాఠము

పంట ఇంటికి వచ్చిన నాడు తెలివిగల రైతు మొట్టమొదట చేయు పని విత్తనపు గింజలను వేరుచేయుట. మిగిలిన ధాన్యము తిండికి, అప్పునకు, పెండ్లికి, పండుగకు ఖర్చు కావచ్చును. విత్తనము మాత్రము వేరుగ భద్రపరుపబడును. ఎంతటి యిబ్బంది వచ్చినను దాని జోలికి పోరాదను నియమము ఇంటిల్లపాదికిని తెలియును. ఇంటికి ఈ నియమ మెట్టిదో రాష్ట్రమునకును అట్టిదే. రాబోవు ఆదాయములో ఒక భాగమును ఒక ముఖ్యకార్యమునకై ముందుగనే కేటాయించి, దానిని మరియొక పనికి వాడరాదని కట్టడి చేసికొను పద్ధతి పలు దేశములలో కలదు.

అట్టి కట్టడిని గూర్చి 2024 నవంబరు 5వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లూసియానా రాష్ట్రపు ఓటర్లు తీర్పు చెప్పిరి. సముద్రముపై నెలకొల్పబడు గాలిమరలు మొదలైన వాటినుండి తమ రాష్ట్రమునకు వచ్చు ఆదాయమును తీరరక్షణ నిధికే చేర్పవలెనా యనునది వారి ముందున్న ప్రశ్న. ఓటు చేసినవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా "చేర్పవలెను" అనిరి.

లూసియానా మనకు దూరము. ఐనను ఆ ప్రశ్న మనకు దూరము కాదు. శ్రీకాకుళం జిల్లాకు చిరకాలముగ చెప్పుకొను లెక్క ప్రకారము 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. ఆ తీరమున బెస్తవారి గ్రామములు, కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు ఉన్నవి. వాటిని కాపాడుటకు సొమ్ము ఎచ్చటనుండి రావలెను, వచ్చిన సొమ్ము దారి తప్పకుండ ఎట్లు చూచుకొనవలెను అను విచారము మనకును అవసరమే. కావున లూసియానా ప్రజల తీర్పునకు కారణమేమి, అందలి మేలేమి, లోటేమి, మనము గ్రహింపదగినదేమి యను విషయములను ఈ పాఠములో పరిశీలింతము.

కరగిపోవుచున్న నేల

మిస్సిసిపీ మహానది సముద్రములో కలియు చోటు లూసియానా. వేలకొలది సంవత్సరములుగ ఆ నది తెచ్చి పోసిన ఒండ్రుతోనే అచ్చటి తీరభూములు ఏర్పడినవి. మన గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారములయొద్ద లంకలును, చిత్తడి నేలలును ఏర్పడిన విధము కూడ ఇదియే.

వరదలనుండి పట్టణములను, పొలములను కాపాడుటకై ఆ నదికి ఇరుప్రక్కల కరకట్టలు కట్టబడినవి. 1927లో మహావరద వచ్చిన పిదప అవి మరింత బలపరుపబడినవి. ఊళ్లు నిలిచినవి. కాని ఒండ్రు చిత్తడి నేలలపై పరచుకొనుట మానినది. అది నేరుగ లోతు సముద్రములోనికి పోవుచున్నది. చమురు బావులకొఱకును, ఓడల రాకపోకలకొఱకును త్రవ్విన కాలువలగుండ ఉప్పునీరు లోపలికి చొచ్చుకొనివచ్చి గడ్డిని, చెట్లను చంపినది. వేళ్లు చచ్చిన నేల అలల తాకిడికి ఆగలేదు. నేల తనంతతాను క్రుంగుటయు, సముద్రమట్టము పెరుగుటయు దీనికి తోడైనవి.

1932 నుండి 2016 వరకు లూసియానా తీరమున సుమారు 4,833 చదరపు కిలోమీటర్ల నేల నీటిపాలైనదని అమెరికా భూగర్భ పరిశీలన శాఖవారు లెక్కకట్టిరి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిదప మన శ్రీకాకుళం జిల్లా వైశాల్యము దాదాపు అంత యున్నది. ఒక జిల్లా యంత నేల ఒక మనుష్యుని జీవితకాలములో మాయమైనదన్నమాట.

ఈ నష్టము కేవలము భూమి నష్టము కాదు. తీరమునందలి చిత్తడి నేలలు, చెట్లు తుపాను ఉప్పెనకు అడ్డుగోడలవంటివి. అవి పోయిన పిదప ఉప్పెన నేరుగ ఊళ్లపై పడును. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్సు నగరపు కట్టలు తెగి, నగరములో అధికభాగము మునిగినది. ఆ తుపానువలన వెయ్యిమందికి పైగా మరణించిరి. నెల తిరుగకమునుపే రీటా తుపాను వచ్చినది.

ఓటుకు వచ్చిన ప్రశ్న

ఆ దుఃఖానుభవము పిదప లూసియానా ప్రభుత్వము తీరరక్షణకు ప్రత్యేకముగ ఒక సంస్థను ఏర్పాటు చేసినది. తీరము పొడవునను ఏ పని, ఎచ్చట, ఏ క్రమమున చేయవలెనో నిర్ణయించు బృహత్ప్రణాళిక 2007లో తయారైనది. అది 2012, 2017, 2023 సంవత్సరములలో సవరింపబడినది. ప్రణాళికకు నిధి వలయును గదా! సముద్రగర్భమునుండి తీయు చమురు, సహజవాయువులపై కేంద్రప్రభుత్వమునకు వచ్చు ఆదాయములో కొంత భాగమును తీరరాష్ట్రములు నాల్గింటికి పంచునట్లు 2006లో ఒక కేంద్రచట్టము చేయబడినది. ఆ సొమ్మును తీరరక్షణ నిధికే కట్టడి చేయుచు లూసియానా ప్రజలు ఆ సంవత్సరముననే సెప్టెంబరు 30న ఓటు వేసిరి.

చమురు త్రవ్వినకొలది తరుగును. గాలి, ఎండ, పారునీరు వాడినకొలది తరుగవు. అందుచే వీటిని తరుగని శక్తి మూలములనియు, పునరుత్పాదక శక్తి యనియు అందురు. సముద్రముపై గాలిమరలు వచ్చు కాలము సమీపించుటచే లూసియానాలో క్రొత్త ప్రశ్న పుట్టినది. చమురు సొమ్ము తీరరక్షణకు పోవుచున్నది. రేపు గాలి సొమ్ము వచ్చినచో అది ఎచ్చటికి పోవలెను? చట్టములో ఆ మాట లేనందున అది సాధారణ ఖజానాలో కలియును. ఈ లోటును పూరించుటకే 2024నాటి రాజ్యాంగ సవరణ వచ్చినది.

అచ్చటి పద్ధతి గమనింపదగినది. రాష్ట్ర రాజ్యాంగమును సవరింపవలెనన్నచో శాసనసభయొక్క ఉభయ విభాగములలోను మూడింట రెండు వంతుల ఆమోదము కావలెను. పిదప ఆ సవరణ ప్రజల ఓటుకు పోవలెను. ప్రజలలో అధికసంఖ్యాకులు ఒప్పుకొన్ననే అది అమలగును. అట్లు చేసిన కట్టడిని మరుసటి సంవత్సరపు బడ్జెటులో ఒక మాటతో తీసివేయుటకు వీలులేదు. తీసివేయవలెనన్నచో మరల ప్రజలనే అడుగవలెను. తాళపుచెవి ప్రజలయొద్దనే యున్నదన్నమాట.

రాబడి ఎంత?

ఇచ్చట పాఠకులు ఒక సంగతి జాగ్రత్తగా గ్రహింపవలెను. ఓటు గెలిచినంతమాత్రమున సొమ్ము వచ్చిపడలేదు. మెక్సికో సింధుశాఖలో గాలిమరలకొఱకు మొట్టమొదటి సముద్రపు కౌలువేలము 2023 ఆగస్టు 29న జరిగినది. మూడు క్షేత్రములు వేలమునకు పెట్టబడెను. లూసియానా తీరమునకు ఎదురుగనున్న ఒక్క క్షేత్రమునకు మాత్రమే 56 లక్షల డాలర్ల పాట వచ్చినది. టెక్సాసు తీరమునకు ఎదురుగనున్న రెండింటికి పాట పాడినవారు లేరు. 2025 జనవరిలో క్రొత్త కేంద్రప్రభుత్వము సముద్రపు గాలిమరలకు క్రొత్త కౌలులిచ్చుటను నిలిపివేసినది.

మరియు రాష్ట్రమునకు వచ్చు వాటాకును హద్దు కలదు. లూసియానాలో తీరమునుండి మూడు మైళ్లవరకు సముద్రము రాష్ట్రమునకు చెందును. ఆపైన కేంద్రమునకు చెందును. రాష్ట్రపు హద్దును దాటిన వెంటనే యున్న మరి మూడు మైళ్లలోని గాలిమరలపై వచ్చు ఆదాయములో నూటికి 27 వంతులు మాత్రమే తీరరాష్ట్రములకు పంచబడును. అంతకంటె దూరమున నెలకొల్పినవాటిపై వాటా లేదు. కావున లూసియానా ప్రజలు నేడు నిండియున్న గాదెకు తాళము వేయలేదు. ఖాళీ గాదెకే తాళము వేసిరి. ఇది వృథాప్రయాస యని కొందరనవచ్చును. కాని సొమ్ము వచ్చిన పిదప దానిని కోరువారు పదిమంది యుందురు. రాకమునుపు వివాదము తక్కువ. విత్తనమును వేరుచేయు నిర్ణయము కళ్లమునందే జరుగవలెను గాని ధాన్యము సంతకు పోయిన పిదప కాదు.

కట్టడిలో మేలు, కీడు

ఇట్టి కట్టడిని అందరును మెచ్చుకొనరు. వారి వాదములోను బలము కలదు. ఒక్కొక్క ఆదాయమును ఒక్కొక్క పనికి కట్టివేసినచో, కరవు వచ్చిన యేడు ఆసుపత్రికి, పాఠశాలకు సొమ్ము చాలక ప్రభుత్వము చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చును. ఒక నిధిలో సొమ్ము మూలుగుచుండగా మరియొక చోట జీతములు నిలిచిపోవచ్చును. ఈ యేటి అవసరమేదో నిర్ణయించుటకే గదా ప్రజలు శాసనసభ్యులను ఎన్నుకొన్నది అని వారందురు.

దీనికి సమాధానమిది. పాఠశాలకు సొమ్ము చాలనిచో ఆ లోటు అందరికి నేడే కనబడును. తీరము కోసికొనిపోవుట యేటికి కొన్ని అడుగుల చొప్పున జరుగును. ఏ యేటికాయేడు "వచ్చే యేడు చూతము" అని వాయిదా వేయుటకు వీలైన పని అది. వాయిదా వేయుటకు వీలైన పనికే కట్టడి యెక్కువ అవసరము. ఐతే ఆదాయములో ఎంత భాగమును కట్టివేయవలెను, ఎంత భాగమును స్వేచ్ఛగ వదలవలెను అనునది తూచి నిర్ణయింపవలసినదే.

కట్టడిచేతనే పని పూర్తికాదని కూడ లూసియానాయే చూపినది. మిస్సిసిపీ కరకట్టకు ఒకచోట తూము తెరచి ఒండ్రునీటిని చిత్తడి నేలలకు మరల్చు మహాపథకము అచ్చట 2023లో ప్రారంభమైనది. దాని అంచనా సుమారు 300 కోట్ల డాలర్లు. 2010నాటి సముద్రపు చమురు ప్రమాదమునకు వచ్చిన నష్టపరిహారపు సొమ్ము దానికై కేటాయింపబడినది. మంచినీరు వచ్చిపడినచో ఆలుచిప్పల పెంపకము, రొయ్యల వేట చెడునని అచ్చటి జాలరులు అభ్యంతరము చెప్పిరి. ఖర్చు పెరిగినదని ప్రభుత్వము చెప్పినది. 2025 జులైలో ఆ పథకము విరమింపబడినది. సొమ్ము ఉన్నను, ఆ నేలపై బ్రదుకువారికి మొదటినుండి పనిలో పాలు లేనిచో ఇట్లే జరుగును. అందుచే నిధికి తాళమెంత ముఖ్యమో, పనియొక్క ఎంపిక ప్రజల సమక్షమున జరుగుట అంత ముఖ్యము.

మన తీరము సంగతి

ఇక మన యింటికి వత్తము. 1990 నుండి 2018 వరకు భారతదేశపు తీరరేఖలో వచ్చిన మార్పులను చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రము పరిశీలించినది. దేశపు తీరములో సుమారు మూడవ వంతు కోతకు గురియగుచున్నదని తేలినది. ఆంధ్రప్రదేశ్ తీరములో నూటికి దాదాపు 29 వంతులు కోతకు లోబడియున్నది. కాకినాడకు చేరువనున్న ఉప్పాడయొద్ద రాళ్లకట్టలు వేసినను సముద్రము ఇండ్లను, బాటను తినివేయుట పలువురెరిగినదే.

కోతకు కారణములు సముద్రములోనే లేవు. తీరమునకు ఆహారము ఇసుక. ఆ ఇసుకను మన ప్రాంతమునకు నాగావళి, వంశధార వంటి నదులు తెచ్చుచున్నవి. నదికి అడ్డముగ ఆనకట్ట కట్టినపుడు కొంత ఒండ్రు దానివెనుక నిలిచిపోవును. ఆనకట్ట మనకు అన్నము పెట్టును గావున అది తప్పు కాదు. కాని నదిలో ఇసుకను మితిమీరి త్రవ్వుకొనిపోయినచో తీరమునకు చేరవలసినది ఇంకను తగ్గును. మరియు తూర్పుతీరమున అలలు ఇసుకను యేటికి మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. ఓడరేవుకొఱకు సముద్రములోనికి గోడ కట్టినచో ఇసుక దాని దక్షిణపు ప్రక్క నిలిచి, ఉత్తరపు ప్రక్క తీరము కోసికొనిపోవును. విశాఖపట్టణమున రేవులో త్రవ్వితీసిన ఇసుకను నగరపు సముద్రతీరమున పోయుచుండుటకు కారణమిదియే. మన జిల్లాలో మూలపేటవద్ద 2023 ఏప్రిలులో ఓడరేవు పనికి శంకుస్థాపన జరిగినది. ఇట్టి పని యెచ్చట జరిగినను ఉత్తరపు గ్రామములకు ఇసుక అందు ఏర్పాటు పనితోపాటే ఉండవలెను.

తుపానుల సంగతి చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమువద్ద తీరము దాటి ఉత్తరాంధ్ర నంతటిని కుదిపినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టము చేసినది. కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు సంవత్సరములు పట్టును.

పొందూరు సముద్రపుటొడ్డున లేదు. "మాకేమి?" అని అచ్చటివారు అనుకొనవచ్చును. కాని గాలివాన తీరముననే ఆగదు. వాలుగ చేప దవడయెముకతో పత్తినేకి, సన్ననూలు వడికి నేయు పొందూరు ఖద్దరు దేశమెరిగినది. మగ్గపుగుంటలో నీరు నిలిచిననాడు, పత్తిచేను పడిపోయిననాడు ఆ నేత ఆగిపోవును. ఒడ్డునగల సరుగుడు తోపు, ఇసుకదిబ్బ, మడచెట్లు మొదట ఒడ్డువారిని, పిదప లోపలివారిని కాచును. తీరరక్షణ తీరవాసుల పని మాత్రమే కాదు.

మనకు గల మార్గములు

మన రాజ్యాంగమున బడ్జెటు విషయమును ప్రజల ఓటుకు పెట్టు పద్ధతి లేదు. రాష్ట్రపు ఆదాయము సంచిత నిధికి చేరును. దానిలోనుండి పైకము తీయుటకు శాసనసభ చట్టము చేయవలెను. సముద్రపు సంగతి ఇంకను వేరు. 297వ అధికరణము ప్రకారము మన ప్రాదేశిక సముద్రగర్భమునందలి విలువగల వస్తువులన్నియు కేంద్రప్రభుత్వమునకు చెందును. సముద్రపు గాలిమరలకై 2015లో జాతీయవిధానము ప్రకటింపబడినది. 2024 జూనులో గుజరాతు, తమిళనాడు తీరములలో ఒక్కొక్కచోట 500 మెగావాట్ల చొప్పున నెలకొల్పుటకు 7,453 కోట్ల రూపాయల సహాయపథకమును కేంద్రమంత్రివర్గము ఆమోదించినది. అట్టి మరలు ఒకనాడు మన తీరమునకు వచ్చినచో, వాటి ఆదాయములో తీరరాష్ట్రమునకు వాటా యుండవలెనా యను ప్రశ్నను పార్లమెంటు తేల్పవలెను.

ఐనను ఆదాయమును నష్టపడు ప్రాంతమునకే కట్టడి చేయు పద్ధతి మనకు క్రొత్త కాదు. మూడు ఉదాహరణములు చూడుడు.

మొదటిది నీటివిద్యుత్తు. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన నాటినుండి ఉత్తరాంధ్రకు ఇది పరిచితమే. 2008నాటి జాతీయ జలవిద్యుద్విధానము ప్రకారము, పథకమున్న రాష్ట్రమునకు ఉచితముగ నిచ్చు విద్యుత్తుకు తోడు నూటికి ఒక వంతు విద్యుత్తు స్థానిక ప్రాంతాభివృద్ధి నిధికై వేరుచేయబడవలెను. తరుగని శక్తి ఆదాయమును స్థానికులకు కట్టడి చేయుటకు ఇది మన దేశపు నిదర్శనము.

రెండవది గనులు. 2015లో గనుల చట్టము సవరింపబడి, గనులున్న జిల్లాలలో జిల్లా ఖనిజ ప్రతిష్ఠానములు ఏర్పడినవి. గని కౌలుదారు రాయల్టీతోపాటు ఈ నిధికిని చెల్లింపవలెను. సొమ్ము గనులవలన బాధపడు గ్రామముల మేలునకు వినియోగింపబడవలెను.

మూడవది కోత నివారణ. 2021–26 కాలమునకు పదునైదవ ఆర్థికసంఘము నదీతీర, సముద్రతీరముల కోతను అరికట్టుటకు 1,500 కోట్ల రూపాయలను, కోతవలన నిర్వాసితులైనవారికి మరల నివాసము కల్పించుటకు 1,000 కోట్ల రూపాయలను సిఫారసు చేసినది.

ఈ మూడును కలిపి చూచినచో ఒక మార్గము తోచును. గాలి, ఎండ, నీరు ఇచ్చు ఆదాయములో ఒక చిన్న భాగమును తీరరక్షణకు చట్టముద్వారా వేరుచేయుట మన రాజ్యాంగమునకు లోబడియే సాధ్యము. లూసియానాలో ఓటుపత్రము చేసిన పనిని మనకు శాసనసభ చేయవలెను. శాసనసభను కదలించుట ప్రజల వంతు.

గ్రామసభ చేయదగినది

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వాటిలో చేపల పెంపకము, సామాజిక వనములు మాత్రమే గాక, సంప్రదాయేతర శక్తి వనరులు కూడ కలవు. అనగా గాలియు, ఎండయు, చెట్టును గ్రామసభలో మాటలాడదగిన విషయములే. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారగునపుడు ఈ క్రింది పనులకు చోటు కల్పింపవచ్చును.

తీరగ్రామములు సరుగుడు తోపులను, ఇసుకదిబ్బలను జాబితా వ్రాసికొని, ఏ యేడెంత తగ్గినదో గుర్తు పెట్టుకొనవలెను. తీరమునుండి ఒక స్థిరమైన రాయికి గల దూరమును యేటేట అదే నెలలో కొలిచి పంచాయతీ పుస్తకములో వ్రాసినచో, అధికారులకు అర్జీ పెట్టునపుడు ఆ అంకెలే సాక్ష్యము. నదీగ్రామములు ఇసుక త్రవ్వకము అనుమతించిన హద్దులోనే జరుగుచున్నదా యని చూడవలెను. లోపలి గ్రామములు గాలిని ఆపు చెట్ల వరుసలను గట్లపై పెంచవలెను. ఏ నిధి వచ్చినను ఎంత వచ్చినది, దేనికి ఖర్చయినది యని గ్రామసభలో చదివి వినిపింపుమని అడుగుట ప్రతి ఓటరునకును హక్కు.

చర్చకు కొన్ని ప్రశ్నలు

ఒకటి: తరుగని శక్తి ఆదాయములో తీరరక్షణకు వేరుచేయవలసిన భాగమెంత? మిగిలినదానితో ఏ అవసరములు తీరవలెను?

రెండు: ఆ నిధితో మొదట చేయదగినది రాతికట్టయా, చెట్ల పెంపకమా, తుపాను ఆశ్రయములా? నిర్ణయములో బెస్తవారికి ఏ విధమున పాలు కల్పింపవలెను?

మూడు: తీరమునకు దూరమున నుండు గ్రామములు ఈ పనిలో ఏ బాధ్యత వహింపగలవు?

ఈ ప్రశ్నలకు ఒక్కొక్క గ్రామము ఒక్కొక్క సమాధానము చెప్పవచ్చును. సమాధానము వేరైనను, అడుగుట ఆలస్యము కారాదు. లూసియానా ఒక జిల్లా యంత నేలను పోగొట్టుకొన్న పిదప నిధికి తాళము వేసినది. మన తీరములో అధికభాగము ఇంకను నిలిచియున్నది. నిలిచియుండగనే దానికై సొమ్మును, చెట్టును, ఇసుకను వేరుచేసి పెట్టుకొనుట మన చేతిలోని పని.